కోతలో పోయిన మాటలు

"ఈ సావనీర్ డిజైన్ చేసింది మీరేనా?"

అవునని ఒప్పుకోవడానికి నాకు అరక్షణం కూడా పట్టలేదు. ఆ ఉగాది సాయంత్రం ఢిల్లీ తెలుగు సంఘం హాల్లో అప్పటికే ఆరుగురు ఇదే ప్రశ్న అడిగారు, ఆరుగురూ బాగుందన్నారు. ఏడో మనిషి పసుపు చుడీదార్‌లో, చేతిలో పులిహోర ప్లేటు కూడా లేకుండా, సావనీర్ ఒక్కటే పట్టుకుని వచ్చింది. అక్కడే నాకు అనుమానం రావలసింది.

"నేనే చేసిన. కవర్ కూడా నాదే."

"కవర్ సంగతి తర్వాత. నలభై రెండో పేజీ తియ్యండి."

తీశాను. నివాళి పేజీ. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు నవ్వుతున్నాడు. కింద కిరీటి అన్న పేరు, రెండు తేదీలు. రెండో తేదీ మొన్న సెప్టెంబరుది.

"ఈ భుజం మీద ఒక చెయ్యి ఉండాలి. ఏది?"

"చెయ్యా?"

"నా చెయ్యి. ఫోటోలో అన్నయ్య పక్కన నేనున్నాను. నివాళిలో బతికున్నవాళ్ళు ఉండకూడదని నాన్న అంటే సరే, నన్ను తీసెయ్యమన్నాను. చెయ్యి మాత్రం ఉంచమని మెయిల్‌లో రాశాను."

మెయిల్ చదివాను. చదివి, నాకే ఎక్కువ తెలుసనుకున్నాను.

"చెయ్యి ఒక్కటే ఉంటే అది ఎవరిదో తెల్వదు కదండి. చూసేటోళ్ళ కన్ను దాని మీదికి పోతది. ఎడిటోరియల్ డిజైన్‌ల దాన్ని డిస్ట్రాక్షన్ అంటరు."

ఆమె సావనీర్ మూసింది.

"అచ్ఛా," అంది. "నా చెయ్యి డిస్ట్రాక్షనా."

అరిచి ఉంటే బాగుండేది. ఐదువందల కాపీలు అప్పటికే పంచేశారు, నేను చెయ్యగలిగింది సారీ చెప్పడమే. నా ఫోన్ అడిగి తీసుకుని తన నంబరు కొట్టింది. "ఇంకోసారి మా ఇంట్లోవాళ్ళ ఫోటో మీ చేతికొస్తే, కోసే ముందు ఫోన్ చెయ్యండి," అని వెళ్ళిపోయింది. పేరు వర్షిణి అని ఫోన్లో చూసి తెలుసుకున్నాను. ఒక అమ్మాయి తనంతట తాను నాకు నంబరివ్వడం అదే మొదటిసారి, దానికి నేను సంతోషించడానికి కూడా లేకపోయింది.

నా పేరు సుహాస్. మాది జగిత్యాల. నోయిడాలో గ్రాఫిక్ డిజైన్ ఆఖరి సంవత్సరం. మా కాలేజీలో ప్రతి ప్రాజెక్టు చివరా రిఫ్లెక్షన్ అని ఒక పేజీ రాయాలి: ఏం చేశాం, ఏం నేర్చుకున్నాం, మళ్ళీ చేస్తే ఏం మారుస్తాం. నా పోర్ట్‌ఫోలియోలో నాలుగు పనులున్నాయి. ఒక వంటల మ్యాగజైన్, పిల్లల అట్లాసు, ఒక కథల పుస్తకం, ఈ సావనీర్. నాలుగింటికీ ఇంగ్లీషులో చక్కటి అబద్ధాలు రాశాను, మంచి మార్కులే వచ్చాయి. ఐదో పుస్తకం అందులో లేదు. దాని రిఫ్లెక్షన్ ఇది.

* * *

జులైలో ఫోన్ వచ్చింది.

"నేను, డిస్ట్రాక్షన్‌ని మాట్లాడుతున్నాను," అంది.

మర్నాడే యమునా బ్యాంక్ స్టేషన్లో మెట్రో రైలు మారి, వాళ్ళుండే వైశాలి వెళ్ళాను. స్టేషన్ కింద టీ కొట్టు దగ్గర వాన. ఢిల్లీ వాన ఎప్పుడు పడినా సగం దుమ్మే పడుతుంది, ఆమె తెల్ల దుపట్టా మీద చిన్న చిన్న మట్టి చుక్కలున్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఇంకో కవరు, దాంట్లో ఒక పొడుగు రిజిస్టరు.

"సెప్టెంబరులో అన్నయ్య సంవత్సరీకం," అంది. "మావాళ్ళలో ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ ఒక చిన్న పుస్తకం పంచుతారు. మొదటి పేజీలో ఫోటో, లోపల విష్ణు సహస్రనామం. నాన్న అదే వేయిద్దామన్నారు. సహస్రనామంలో అన్నయ్యకి పది నామాలు కూడా రావు. వాడి ఫోటో వెనక వాడివి కాని మాటలెందుకు? వాడి మాటలే వేద్దామని ఒప్పించాను. వాడు రాసుకున్న కొన్ని కాగితాలు నా దగ్గరున్నాయని చెప్పాను."

"ఈ రిజిస్టర్ అని చెప్పలేదా?"

"లేదు. వాడుండే పీజీ హాస్టల్ రూమ్ ఖాళీ చేసినప్పుడు నేనే తెచ్చి దాచుకున్నాను. అమ్మ చూడలేదు."

కిరీటి ముఖర్జీ నగర్‌లో మూడేళ్ళు సివిల్స్‌కి చదివాడు. ఆప్షనల్ తెలుగు సాహిత్యం. మూడు గంటల్లో అన్ని పేజీలు తెలుగులో రాయాలంటే చెయ్యి ఆగకూడదు, అందుకని రోజూ పొద్దున గడియారం పెట్టుకుని పన్నెండు నిమిషాల్లో ఒక పేజీ రాసేవాడు. ఏం రాస్తున్నాడన్నది ముఖ్యం కాదు, చెయ్యి పరుగెత్తాలి. కాబట్టి ఏది తోస్తే అది రాశాడు. పీజీ ఆంటీ గురించి, లైబ్రరీలో ఏసీ కింద కుర్చీ గురించి, చెల్లెలి గురించి. డైరీ రాస్తున్నానని తెలియకుండానే డైరీ రాసేశాడు.

"నాకు తెలుగు చదవడం చాలా స్లో," అంది వర్షిణి. "ఇక్కడే పుట్టి పెరిగాను కదా. అక్షరం అక్షరం కూడబలుక్కుంటాను. మీరు టైప్ చేసి పెడితే నేను సరిచూస్తాను."

"ఫాంట్ ఏది పెడదాం?"

"కనబడేది."

"అట్ల కాదండి. ఫాంట్‌కి ఒక మనసుంటది."

"మీకు మనుషుల చేతులు అక్కర్లేదు కాని ఫాంట్లకి మనసులుంటాయి. ఠీక్ హై."

అని నవ్వింది. ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వినందుకు వెంటనే ఏదో తప్పు చేసినట్టు చుట్టూ చూసింది. నేను అక్కడే ప్రేమలో పడిపోయాను. ఇది అందంగా చెప్పే ఓపిక నాకు లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

"ఒక్క షరతు," అంది. "చివరి పేజీ స్కాన్ చెయ్యకండి. చదవకండి కూడా."

"ఎందుకు?"

"ఎందుకని అడగనివాళ్ళనే నమ్ముదామనుకున్నాను."

అడగనని మాటిచ్చాను.

* * *

నేను చేసిన పని చెప్పేముందు మా కాలేజీ అలవాటు ఒకటి చెప్పాలి. పుస్తకం స్కాన్ చెయ్యాలంటే మేం కుట్టు ఉన్న అంచుని మెషిన్ మీద కోయించేస్తాం. పేజీలన్నీ విడి కాగితాలవుతాయి, స్కానర్ వాటిని గబగబా మింగేస్తుంది. మధ్యలో నీడ పడదు, పేజీ వంకర రాదు. నాలుగేళ్ళలో నేను ముప్ఫై పుస్తకాలైనా అలా కోయించి ఉంటాను. కోసిన పుస్తకం కోసం ఎవరూ ఏడవగా చూడలేదు, ఎందుకంటే వాటన్నిటికీ ఎక్కడో ఇంకో కాపీ ఉంది.

కాలేజీ పక్క షాపులో భయ్యా రిజిస్టర్ని మెషిన్ కింద పెట్టి ఎంత కోయాలని అడిగాడు. కుట్టు పోయేంత, అన్నాను. ఆ టైములో నేను ఫోన్ చూసుకుంటున్నాను. వర్షిణికి మెసేజ్ పెడుతున్నాను, పని మొదలైందని.

రూముకొచ్చి స్క్రీన్ మీద చూస్తే కాని తెలియలేదు. కిరీటి కాగితం దగ్గర పిసినారి. మార్జిన్ వదలడు. కుడి పేజీల్లో ప్రతి వరసా కుట్టులోంచే మొదలుపెట్టాడు. ఎడమ పేజీల్లో వరసలు కుట్టు దాకా రాలేదు కనక అవి బతికాయి కాని, కుడి పేజీలన్నిటిలో వరసకి మొదటి మాట లేదు. కొన్నిచోట్ల సగం మాట, కొన్నిచోట్ల మొత్తం. నలభై ఏడు పేజీలు, పేజీకి ముప్ఫై వరసలు.

షాపుకి పరుగెత్తాను. కోత ముక్కల బస్తా పొద్దున్నే పాత కాగితాలు కొనే కబాడీవాడి బండిలో వెళ్ళిపోయింది.

ఇంకొకటి. కాగితాలు విడిపోయాక చివరి పేజీ పక్కకు తియ్యాలన్న సంగతే మరిచాను. స్కానర్ దాన్ని కూడా మింగి స్క్రీన్ మీద పెట్టింది. చదవకూడదనుకున్నాను. చదివాను. చిన్న పేజీ, సగంలో ఆగిపోయింది. ఆఖరి వరసలు ఇలా ఉన్నాయి: "...చెప్పాను. అమ్మకి చెప్పొద్దన్నాను. జ్వరం తగ్గాక నేనే చెప్తా."

మర్నాడు వైశాలి స్టేషన్ కింద ఆ కాగితాల కట్ట ఆమె చేతిలో పెట్టాను. ఎలా చెప్పాలా అని రైల్లో ముప్పావు గంట ఆలోచించాను, చెప్పాల్సిన అవసరమే రాలేదు. అంచు మీద వేలు పెట్టి పై నుంచి కిందిదాకా రాసింది.

"కుట్టు ఏది?"

"కోయించిన."

"ఈ మాటలేవి?"

"పోయినయి."

"ఎవర్ని అడిగి?"

"ఎవర్నీ అడగలేదు. అలవాటుల చేసేసిన."

పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. 

"అన్నయ్య చేతిరాత లోకంలో ఉన్నది ఇదొక్కటే," అంది. "పరీక్ష పేపర్లు కమిషన్ వాళ్ళు వెనక్కివ్వరు. నోట్సంతా ఇంగ్లీషులో ప్రింటవుట్లే. మీకు కొయ్యడం తప్ప ఇంకేం రాదా?"

కట్టని కవర్లో పెట్టుకుంది. ఎస్కలేటర్ ఎక్కి వెళ్ళిపోయింది. నేను వాన తగ్గేదాకా టీ కొట్టు కింద నిలబడ్డాను, తర్వాత తగ్గాక కూడా నిలబడ్డాను. తొమ్మిది రోజులు నా మెసేజ్‌లకు జవాబు రాలేదు. నాలుగేళ్ళలో మొదటిసారి డిజైన్ అంటే అసహ్యం వేసింది.

పదో రోజు ఆమే పంపింది. "ఆదివారం పదకొండింటికి స్టేషన్ పక్క మాల్లో ఫుడ్ కోర్ట్. ల్యాప్‌టాప్ తెండి. మాటలు పోగొట్టింది మీరు, అన్నయ్య ఎలా మాట్లాడతాడో తెలిసింది నాకు. ఒక్కదాన్నే కూర్చుంటే ఏడుపొస్తోంది, పని కావట్లేదు."

* * *

ఆరు ఆదివారాలు కూర్చున్నాం. ఆమె ఇంట్లో కూర్చోవడానికి లేదు, వాళ్ళమ్మ కంట పడుతుంది.

పని చాలా మామూలుది. నేను వరస చదువుతాను, మొదట్లో ఖాళీ వస్తుంది, ఆమె కళ్ళు మూసుకుని ఆలోచిస్తుంది. చుట్టూ పిల్లలు బర్గర్ల కోసం పోట్లాడుకుంటూ ఉంటారు.

"ఖాళీ... మళ్ళీ రాజ్మా."

"'ఛీ.' కచ్చితంగా 'ఛీ'. అన్నయ్యకి రాజ్మా పడదు."

"రాసిన. తర్వాతి వరస. ఖాళీ... లైబ్రరీలో నిద్రపోతూ గురక పెట్టాడు, నలుగురు లేచి చప్పట్లు కొట్టారు."

"'బీహారీ భయ్యా' అయ్యుంటుంది. వాడి రూమ్మేట్. కాదు, ఆగండి. 'నేను' అని ఉంటే, 'పెట్టాను' ఉండాలి కదా?"

"అవును. పెట్టాడు అనే ఉంది."

"అయితే భయ్యానే. అన్నయ్య గురక నేను వినలేదనుకుంటున్నాడేమో, ఇంట్లో గోడలు అదిరేవి."

నవ్వేది. నవ్వి ఆగిపోయేది. ఆగిపోయిన ప్రతిసారీ నేను తర్వాతి వరస చదివేవాణ్ణి, ఎందుకంటే నాకు ఓదార్చడం రాదు. మూడో ఆదివారానికి ఆమె నన్ను నువ్వు అనడం మొదలుపెట్టింది. నాలుగో ఆదివారానికి నేను కిరీటి ఎలా మాట్లాడతాడో కొంచెం పట్టుకున్నాను. ఒకచోట ఖాళీ ఆమెకంటే ముందు నేనే చెప్పేశాను, ఆమె నా కేసి చూసి, "వాడు నీకు నచ్చేవాడు," అంది. ఎప్పుడూ చూడని మనిషి చచ్చిపోయినందుకు ఆ రాత్రంతా నాకు దిగులుగా ఉంది.

మేం పెట్టిన మాటల్ని బూడిద రంగులో వేద్దామన్నాను. కిరీటివి నల్లగా, మావి లేతగా.

"ఎందుకు? అన్నీ నల్లగా వేస్తే ఎవరికీ తెలియదు కదా," అంది.

"మనకు తెలుస్తది. మనం ఊహించింది ఆయన రాసిండని చెప్పుకోవద్దు. ఒకసారి అడగకుండ కోసిన, ఇప్పుడు అడగకుండ అతకలేను."

ఆమె సరేనంది. తర్వాత నా టీ తీసుకుని తాగేసింది.

ఆ రోజే చివరి పేజీ గురించి అడిగింది.

"చదివావా?"

"చదివిన." అబద్ధం ఆడదామనిపించింది, ఆడలేకపోయాను. "మాటిచ్చి తప్పిన. సారీ."

"ఖాళీలో ఎవరి పేరుందో తెలుసా?"

తెలుసో తెలియదో నేను చెప్పేలోపే ఆమె మొదలుపెట్టింది.

"గురువారం ఫోన్ చేశాడు. జ్వరమన్నాడు. మెయిన్స్‌కి పదకొండు రోజులే ఉన్నాయి, అమ్మకి తెలిస్తే వచ్చి వైశాలి లాక్కుపోతుంది, పుస్తకాలు ముట్టనివ్వదు, చెప్పొద్దన్నాడు. నేను సరేనన్నాను. బ్లడ్ టెస్ట్ చేయించుకో అన్నాను. శనివారం కోచింగ్‌లో టెస్ట్ సిరీస్ పరీక్ష రాసి చేయించుకుంటానన్నాడు. సరేనన్నాను. ఆదివారం బీహారీ భయ్యా హాస్పిటల్ నుంచి ఫోన్ చేశాడు. సోమవారం పొద్దున పోయాడు. డెంగ్యూ."

ప్లాస్టిక్ స్పూన్ని ముక్కలు ముక్కలుగా విరుస్తోంది.

"నేనేం ఉద్యోగం చేస్తానో తెలుసుగా. ఇన్సూరెన్స్‌లో హెల్త్ క్లెయిమ్స్. ఆ గురువారం కూడా నా టేబుల్ మీద డెంగ్యూ ఫైళ్ళు నాలుగున్నాయి. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉంటే ఏమవుతుందో నాకు నోటికొచ్చు. నాకు తెలిసి కూడా చెప్పలేదు, సుహాస్. అమ్మకి ఒక్క ఫోన్ చేసుంటే ఆ సాయంత్రమే వెళ్ళి వాణ్ణి ఆటోలో పడేసి తెచ్చేది. ఆ పేజీ అమ్మ చూస్తే, ఇంక నా మొహం చూడదు."

ఏం చెప్పాలో తెలియక, లోపల ఉన్నదే చెప్పాను.

"నాకు నువ్వంటే ఇష్టం. ఇప్పుడు చెప్పే మాట కాదు, తెలుసు."

"కాదు," అంది. కోపంగా కాదు. "నువ్వు నచ్చలేదని కాదు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నుంచే చూస్తున్నాను. మొన్న శుక్రవారం ఆఫీసుకి వెళ్తూ అద్దంలో చూసుకుని పాట పాడాను. తర్వాత బస్సులో ఏడ్చాను. నాకు సంతోషంగా ఉంటే దొంగతనం చేస్తున్నట్టుంటుంది. నన్నేమీ అడక్కు."

అడగలేదు. ఈసారి మాట నిలబెట్టుకున్నాను.

* * *

సెప్టెంబరు మొదటి ఆదివారం నమూనా పుస్తకం పట్టుకుని మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళాను. మూడో అంతస్తు ఫ్లాట్. వాళ్ళ నాన్న బసవపున్నయ్యగారు మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసర్, ఆదివారం కూడా ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. పుస్తకాన్ని ఆఫీసు ఫైలు చూసినట్టు మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చూశారు. చివరి పేజీ అందులో లేదు. ఎంత ప్రయత్నించినా దొరకని ఖాళీలు పదకొండున్నాయి, వాటిని ఖాళీగానే వదిలేశాం.

"ఈ మాటలు ఇలా పాలిపోయాయేంటి?" అన్నారు.

వర్షిణి నోరు తెరిచింది. నేనే చెప్పేశాను.

"అవి కిరీటి రాసినవి కావు అంకుల్. రిజిస్టర్ స్కాన్ చెయ్యడానికి నేను అంచు కోయించిన. మొదటి మాటలు పోయినయి. మేం ఊహించి పెట్టినం. తప్పు నాది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. రిజిస్టర్ అన్న మాట ఆయనకి అప్పుడే తెలిసింది. కూతురి కేసి చూశారు, నా కేసి చూశారు. తిట్టి ఉంటే నాకు ఊపిరాడేది.

వంటింట్లోంచి వాళ్ళమ్మ కమల ఆంటీ చేతులు తుడుచుకుంటూ వచ్చి పుస్తకం తీసుకున్నారు. సన్నగా, నెరిసిన జడతో ఉన్నారు. నిలబడే నాలుగు పేజీలు చదివి, ఒకచోట వేలు పెట్టారు.

"'ఛీ' కాదు," అన్నారు.

"ఏంటమ్మా?" అంది వర్షిణి.

"వాడు 'ఛీ' అని రాయలేదు. 'పాపం, మళ్ళీ రాజ్మా.' పీజీ ఆవిడకి ఒంట్లో బాగోలేక మూడ్రోజులుగా అదే వండుతోంది. అన్నం పెట్టే మనిషిని వాడు ఛీ అంటాడా?"

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పేజీ తిప్పి, ఖాళీ దగ్గర ఆగి, అక్కడ ఉండాల్సిన మాట చెప్పారు. ఇంకో పేజీ తిప్పారు, ఇంకో మాట. వెతుక్కోవడం లేదు, జ్ఞాపకం తెచ్చుకోవడం లేదు. సందు చివర ఎవరి ఇల్లుందో చెప్పినంత తేలిగ్గా చెబుతున్నారు. నేను పెన్సిల్ తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. పదకొండు ఖాళీలూ నిండాయి. మేం గర్వపడ్డ ఊహల్లో సగం తప్పులు.

వర్షిణి గోడకి ఆనుకుని నిలబడింది. 

"చివరి పేజీ లేదేం?" అన్నారు ఆంటీ.

నేను వర్షిణి కేసి చూడకుండా, "కోతల పోయింది ఆంటీ," అన్నాను.

"పోతేనేం. నాకొచ్చు. రాసుకో బాబూ."

"అమ్మా," అంది వర్షిణి.

ఆంటీ ఆగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు కిందికి దించి, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు.

"'నిన్నటి నుంచి జ్వరం. ఇవాళ చెయ్యి పరుగెత్తట్లేదు, పన్నెండు నిమిషాల్లో సగం పేజీయే అయ్యింది. ఇంట్లో ఉంటే అమ్మ మిరియాల చారు పెట్టేది. వర్షకి చెప్పాను. అమ్మకి చెప్పొద్దన్నాను. జ్వరం తగ్గాక నేనే చెప్తా.' అంతే. అక్కడితో అయిపోయింది."

నా పెన్సిల్ ఆగిపోయింది. బసవపున్నయ్యగారు కిటికీ వైపు తిరిగిపోయారు.

"ఎప్పట్నుంచి తెలుసమ్మా?" అంది వర్షిణి. 

"దీపావళి ముందు. నీ ఉలెన్ బట్టలు ఎండలో వేద్దామని తీస్తే అడుగున దొరికింది. మీరిద్దరూ ఆఫీసుకెళ్ళాక రోజూ తీసి చదివేదాన్ని, మీరొచ్చే టైముకి పెట్టేసేదాన్ని. నాకింకేం పనుంది ఈ ఏడాదంతా? జులైలో కనబడలేదు. అప్పటికే నోటికి వచ్చేసిందిలే."

"మరి నన్ను ఒక్క మాటైనా అనలేదేం?"

"కోపం రాలేదనుకోకు. వచ్చింది. చలికాలమంతా నీ మొహం చూసి అన్నం వడ్డించలేకపోయాను. నువ్వు ఫోన్ చూసుకుంటూ తినేదానివి, నీకు తెలియలేదు." ఆంటీ కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. "వాడు చెప్పొద్దన్నాడు, నువ్వు చెప్పలేదు. వాణ్ణి అడుగుదామంటే వాడు లేడు. నిన్ను అడిగితే నువ్వు కూడా నాకు మిగలవేమోనని భయమేసింది. ఊరుకున్నాను."

వర్షిణి గోడ దగ్గర్నుంచి కదిలింది. బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

 తర్వాత బసవపున్నయ్యగారు కిటికీ వైపు నుంచే, "ఆ పేజీ కూడా వెయ్యి బాబూ," అన్నారు. "పేరుతో సహా. వాడు ఎలా రాశాడో అలా."

"అది లేతరంగులో వెయ్యకు," అన్నారు ఆంటీ. "అది ఊహ కాదు."

సరేనన్నాను. లేచి వెళ్ళాలో కూర్చోవాలో తెలియలేదు. బాల్కనీ తలుపు సందులోంచి ఏడుపు వినబడుతోంది, నోరు గట్టిగా మూసుకుని ఏడ్చే ఏడుపు. ఆంటీ లేచారు. రెండడుగులు వేసి ఆగారు. వెనక్కి వచ్చి కూర్చుని నా కేసి చూశారు. ఆరు ఆదివారాల సంగతి ఎవరూ చెప్పకపోయినా ఆవిడకి తెలుసని ఆ చూపులో నాకు అర్థమైంది.

"నువ్వు వెళ్ళు బాబూ."

"నేనా ఆంటీ? మీరు పోతే..."

"నన్ను చూస్తే ఆపేస్తుంది. ఏడాది నుంచి అంతే. నేను గదిలోకి వస్తే మొహం తుడిచేసుకుని, అమ్మా టీ తాగావా అంటుంది. నువ్వు వెళ్ళు."

బసవపున్నయ్యగారు ఇటు తిరగలేదు. వద్దని కూడా అనలేదు.

తలుపు తీశాను. చిన్న బాల్కనీ, తీగ మీద తడి తువ్వాళ్ళు, కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. వర్షిణి ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని ఉంది. చప్పుడుకి వెనక్కి తిరిగి, ఎవరా అని చూసింది.

నన్ను చూసింది. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసేసి, గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది.